తోక ఉన్న ఊ

కాన్సులేట్ వాళ్ళు పంపిన ఉత్తరంలో మొదటి పదమూడు అంశాలకీ అద్దాలమ్మాయి దగ్గర కాగితాలున్నాయి. పెళ్ళి సర్టిఫికెట్, ఈమె మీద ఏ కేసూ లేదని పోలీసులిచ్చిన పత్రం, డాక్టరు సంతకం పెట్టిన ఛాతీ ఎక్స్‌రే, భర్త జీతం చీటీలు, ఆయన అద్దె ఇంటి ఒప్పందం. అన్నీ మూడేసి నకళ్ళు, ఒక్కోదానికి ఒక్కో ప్లాస్టిక్ కవరు. పద్నాలుగో అంశం దగ్గరికొచ్చేసరికి బండి ఆగింది. ‘దంపతుల మధ్య అనుబంధం కొనసాగుతోందని తెలిపే ఉత్తర ప్రత్యుత్తరాలు’ అని ఉందక్కడ.

ఉన్నాయా అంటే ఉన్నాయి. ఫోన్లో ఉన్నాయి, ఇరవై రెండు నెలలవి. ఉత్తరం ఆమెది, ప్రత్యుత్తరం ఆయనది. చిక్కంతా ఆ ప్రత్యుత్తరంలోనే ఉంది.

ముప్ఫై నాలుగేళ్ళొచ్చినా వీధిలో అందరికీ ఆమె అద్దాలమ్మాయే. కళ్ళజోళ్ళ దుకాణంలో పదకొండేళ్ళుగా పని. వచ్చినవాళ్ళని కుర్చీలో కూచోబెట్టి, ఒక కన్ను మూయించి, ఎదురుగా గోడమీద అక్షరాలు చదివించి, ఎవరికి ఏ అద్దమో తేలుస్తుంది. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. పెళ్ళయిన ఐదు నెలలకి వేరే దేశంలో పని దొరికి వెళ్ళాడు. భార్యని తీసుకెళ్ళడానికి అప్పుడే దరఖాస్తు పెట్టాడు. అది ఇన్నాళ్ళకి కదిలి ఇంటర్వ్యూ దాకా వచ్చింది. ఇందులో గట్టెక్కితే నెల తిరిగేలోపు ఇద్దరూ ఒక ఇంట్లో ఉంటారు. లేదంటే మళ్ళీ మొదట్నుంచి దరఖాస్తు, మళ్ళీ వరస. ఆ వరస ఎంత పొడుగో వాళ్ళకి అనుభవమే.

ఇక ప్రత్యుత్తరాల సంగతి. ఆయన మాటల మనిషి కాడు. చిన్నప్పట్నుంచీ బెల్లం కొట్టిన రాయి అనే పేరుంది ఇంట్లో. దానికి తోడు చేసేది లిఫ్టు పని. రోజులో సగం ఆ ఇరుకు గోడల మధ్య, లిఫ్టు పెట్టె నెత్తిన నిలబడి ఉంటాడు. రెండు చేతులకీ గ్రీజు. బొటనవేలి కొస ఒక్కటీ శుభ్రంగా ఉంచుకుంటాడు, భార్య కోసమే. ఆ కొసతో ఎంత రాయగలడో అంతే రాస్తాడు.

‘ఊ’ అని రాస్తాడు.

ఆమె ‘తిన్నారా’ అంటే ఊ. ‘ఇవాళ దుకాణానికి ఒకాయన వచ్చి, కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని కళ్ళజోడు పోయిందని కొత్తది చేయించుకెళ్ళాడు’ అంటే ఊ. ‘మీ అక్కయ్యకి మోకాలు నొప్పి, నాకు మీ అక్కయ్య నొప్పి’ అంటే ఊ. నెలకి నాలుగు రోజుల చొప్పున ఏరి ప్రింటు తీస్తే యాభై ఎనిమిది పేజీలయ్యాయి. ఎడమవైపు ఆమె రాసిన మాటలు నిండుగా పారుతుంటే, కుడివైపు వరసలో ఊలు ఒకదాని కింద ఒకటి, బట్టలారేసిన తీగకి క్లిప్పుల్లాగా వేలాడుతున్నాయి.

ఆ ప్రింటు పంతులమ్మ కంటపడింది.

పంతులమ్మ అంటే ఆయన అక్క. కింద వాటాలోనే ఉంటుంది. ముప్ఫై ఏళ్ళు బడిలో భాషాపాఠాలు చెప్పి రిటైరైంది. దిద్దడానికి కాగితాలు లేక అప్పట్నుంచీ దినపత్రికలు దిద్దుతోంది. ఇంటర్వ్యూ అనే మాట చెవిన పడగానే ప్రాణం లేచొచ్చి, నూట పన్నెండు ప్రశ్నలూ వాటికి జవాబులూ ఒక నోటుపుస్తకంలో రాసి పైకెక్కింది. ఎక్కి, బల్లమీదున్న పేజీలు తీసి, కళ్ళజోడు సర్దుకుని, ఆరు పేజీలదాకా ఓపిగ్గా చదివింది.

“ఏంటే మరదలా ఇది?”

“మీ తమ్ముడి ఉత్తరాలు వదినా.”

“వీడు నీతో కాపురం చేస్తున్నాడా, కథ వింటున్నాడా?”

అద్దాలమ్మాయి నవ్వింది. పంతులమ్మ నవ్వలేదు. ఇలాంటి కాగితం తన చేతికొస్తే సున్నా వేసి, అమ్మానాన్నల్ని వెంటబెట్టుకు రమ్మనేదాన్నని చెప్పింది. ఆఫీసరు కూడా మనిషే గదా, ఇరవై రెండు నెలలు ఊ తప్ప ఇంకో మాట రాయనివాణ్ణి మొగుడని ఎలా నమ్ముతాడు, కాగితం మీద పెళ్ళి చేసుకుని దేశం దాటేవాళ్ళని పట్టుకోడానికే గదా వాళ్ళు అక్కడ కూచున్నది, అని అడిగింది. అన్ని ఊలూ ఒకటి కావు వదినా, వాటిలో రకాలున్నాయి అని అద్దాలమ్మాయి చెప్పబోయింది. ఊకి బహువచనం ఊలు అయితే చలికోటు అల్లుకోడానికి పనికొస్తుంది గానీ వీసాకి పనికిరాదని పంతులమ్మ తేల్చేసింది.

మర్నాటినుంచీ ఇంట్లో ప్రేమలేఖల కార్ఖానా మొదలైంది.

పద్ధతి ఇదీ. పొద్దున్నే, ఆయన పనికి బయల్దేరేలోపు, పంతులమ్మ పైకొచ్చి ముందుగదిలో కూచుని తమ్ముడికి ఫోన్ చేసి డిక్టేషన్ చెబుతుంది. తమ్ముడు రాసుకుంటాడు. రాసుకున్నది భార్యకి పంపుతాడు. ముందుగదిలో బయల్దేరిన ప్రేమ సముద్రాలు దాటి వెళ్ళి, తిరిగొచ్చి అదే ఇంటి వంటింట్లో అద్దాలమ్మాయి ఫోన్లో మోగుతుంది. మొదటి లేఖలో ఆకాశం, చంద్రుడు, ‘నీ వదనారవిందం’ ఉన్నాయి. అరవిందం ఎవరక్కా అని అడిగాడట తమ్ముడు. రెండో దానిలో వెన్నెల, మూడో దానిలో మళ్ళీ చంద్రుడు. పంతులమ్మకి తెలిసిన ప్రేమ వ్యాకరణంలో చంద్రుడు లేకుండా వాక్యం పూర్తికాదు.

ప్రతి లేఖ కిందా, ఒక నిమిషం ఆగి, ఆయన సొంతంగా ఒకటి పంపేవాడు. ‘ఊ?’ అని. సరిపోయిందా, ఇంక పనికి పోవచ్చా అని దానర్థం.

ఆ లేఖలు చదువుతుంటే అద్దాలమ్మాయికి ఎవరిదో కళ్ళజోడు పెట్టుకున్నట్టుండేది. అక్షరాలు పెద్దగా కనిపిస్తాయి, కాసేపటికి తల తిరుగుతుంది. అయినా ఏమీ అనలేదు. ఇది తప్పితే ఎదురుగా ఉన్నది మళ్ళీ రెండేళ్ళ వరస. వదిన చెప్పినదాంట్లో తప్పేముంది? ఆరువారాల చంద్రుణ్ణి కూడా ప్రింటు తీసి కట్టలో కలిపింది.

కట్ట పట్టుకుని అనువాదకుడి దగ్గరికెళ్ళింది. కాన్సులేట్ వాళ్ళకి వాళ్ళ భాషలో కావాలి, సీలు పడాలి. జిరాక్స్ దుకాణం పైనున్న గదిలో ఆ పెద్దాయన ఒక కంప్యూటర్, రెండు నిఘంటువులు, మూడు రబ్బరు ముద్రలు పెట్టుకుని నలభై ఏళ్ళుగా పెళ్ళి, చావు, డిగ్రీ సర్టిఫికెట్లు అనువదిస్తున్నాడు. మొగుడూ పెళ్ళాల కబుర్లు ఆయన బల్లమీదికి రావడం ఇదే మొదలు. నాలుగోరోజున ఫోన్ చేశాడు.

“అమ్మా, ఇందులో పదకొండొందల నలభై ఊలున్నాయి. ఊ అంటే ఏమని రాయాలి?”

అది చోటుని బట్టి ఉంటుందండీ అని ఆమె వివరించింది. ఒకచోట సరే అని, ఒకచోట వింటున్నాను చెప్పు అని, ఒకచోట ఆకలేస్తోందని, ఒకచోట ఇప్పుడు కాదు అని, ఒకచోట నువ్వన్నది నాకు నచ్చలేదు అని. పెద్దాయన అంతా విని, తన సీలు కింద ఒక మాటకి ఒక అర్థమే ఉంటుందన్నాడు. “నేను అర్థం రాస్తానమ్మా, అభిప్రాయం రాయను.”

వారం తిరక్కుండా కట్ట సిద్ధమైంది. నిఘంటువులో ఊ అంటే అంగీకారార్థకం అని ఉందిట. ఆమె భర్త రాసిన కుడివైపు వరసంతా ఒకచోటికి ఎత్తి, ఊ కనిపించిన ప్రతిచోటా వాళ్ళ భాషలో ‘అవును’ పెట్టమని కంప్యూటర్‌కి చెప్పి, ఒక్క మీట నొక్కాడు. ఒక్కటంటే ఒక్క మీట అని రెండుసార్లు చెప్పాడు పెద్దాయన, కొత్త విద్య పట్టుబడిన సంతోషంతో. ఆమెకి ఆ భాష కూడబలుక్కుంటే వస్తుంది గానీ, యాభై ఎనిమిది పేజీలూ, పైన చంద్రుడూ కూడబలుక్కునే ఓపిక లేదు. మొదటి పేజీ, చివరి పేజీ చూసి, సీళ్ళు లెక్కపెట్టుకుని ఇంటికొచ్చింది.

ఇంక మిగిలింది రిహార్సల్. పంతులమ్మ వరండాలో, వంటింటి కిటికీ అవతల కుర్చీ వేసుకుంది. కాన్సులేట్‌లో కూడా కిటికీ అవతలే ఉంటారట. ఇవతల పొయ్యి పక్కన అద్దాలమ్మాయి నిలబడాలి. “మీ ఆయన ఏ పక్కన పడుకుంటాడు?” అని కిటికీలోంచి గట్టిగా అడిగేసరికి పక్కవాటావాళ్ళ కుక్కర్ కూత కూడా ఆగింది. తమ్ముడి గురించి ఇలాంటివి అడగడానికి మొహమాటంగా లేదా వదినా అంటే, పరీక్ష హాల్లో మొహమాటమేంటి అంది. నూట పన్నెండు జవాబులూ పదాలు పొల్లుపోకుండా అప్పగించేదాకా వదల్లేదు. చివరికి అద్దాలమ్మాయి గడగడా చెప్పడం మొదలుపెట్టింది. ఒక్క తప్పు లేకుండా చెబుతున్నావే అని పంతులమ్మ మురిసిపోయింది.

అద్దాలమ్మాయి మురిసిపోలేదు. డ్రైవింగ్ లైసెన్సు కోసం కంటిపరీక్షకి వచ్చేవాళ్ళు గుర్తొచ్చారామెకి. ముందు మనిషి చదువుతుంటే విని, ఆఖరి వరస బట్టీపట్టేసి, తమ వంతు రాగానే గడగడా అప్పగిస్తారు. నిజంగా కనిపిస్తున్నవాడు ఆఖరి వరస దగ్గర కాస్త తడబడతాడు, కన్ను చికిలిస్తాడు, ఇది మూడా ఎనిమిదా అంటాడు. తడబడనివాణ్ణే అనుమానించాలి. అలాంటప్పుడు ఆమె ఏమీ అనేది కాదు, లేచి అక్షరాల పలక తిప్పేసేది. రెండోవైపు వేరే అక్షరాలుంటాయి.

ఈ మాట వదినకి చెబుదామనుకుని, ఆవిడ మొహంలో వెలుగు చూసి ఊరుకుంది.

ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే ఇద్దరూ బస్సెక్కారు. పంతులమ్మని గేటు దగ్గరే ఆపేశారు. రోడ్డవతల బస్టాపు బెంచీ మీద నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూచుంది. లోపల పొడుగాటి హాలు, వరసగా గాజు కిటికీలు, గోడమీద ఎర్రంకెలు. బట్టీపట్టే పెదాలతో చాలామంది కూచున్నారు. గంటన్నరకి ఆమె నంబరు ఆరో కిటికీ మీద వెలిగింది.

గాజు అవతల ఆఫీసరు, ఆయన పక్కనే దుబాసీ అమ్మాయి, మెడలో కార్డు వేసుకుని. అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవెయ్యడం ఆ పిల్ల పని, సొంత మాట ఒక్కటీ కలపకూడదు. ఆఫీసరు కాగితాన్ని చేతికి అందినంత దూరం పెట్టి చదువుతున్నాడు. దగ్గరి చూపు అద్దం ఒక నంబరు పెరిగింది ఈయనకి, మార్పించుకోవట్లేదు అనుకుంది అద్దాలమ్మాయి. అలా అనుకున్నాక కొంచెం ధైర్యమొచ్చింది.

పుట్టినతేదీ, పెళ్ళితేదీ, ఆయన జీతం, ఇంట్లో గదులెన్ని. ఇవన్నీ నోటుపుస్తకంలో ఉన్నవే. తరవాత ఆఫీసరు అనువాదం కట్ట ముందుకు లాక్కుని ఏదో అడిగాడు.

“మీ భర్త ఇరవై రెండు నెలలపాటు ఒకే ఒక్క మాట రాశారు. ఈ ఆరువారాలుగా చంద్రుడి గురించి రాస్తున్నారు. మధ్యలో ఏం జరిగిందని అడుగుతున్నారండీ” అంది దుబాసీ.

డెబ్భై ఒకటో ప్రశ్నకి దగ్గరగా ఉంది. నోరు దానంతటదే తెరుచుకుంది. “ఎడబాటు మనిషిలోని భావుకతను మేల్కొలుపుతుంది. దూరం పెరిగిన కొద్దీ అనురాగం...” రెండు వాక్యాలు సాఫీగా జారిపోయాయి. మూడోది నాలుక మీదికొచ్చేసరికి ఆమెకి తన గొంతు వినిపించింది. ఆఖరి వరస గడగడా అప్పగించేవాడి గొంతది. ఆఫీసరు రాసుకోవడం ఆపేసి, కలం పక్కన పెట్టాడు. పలక తిప్పబోతున్నాడని ఆమెకి తెలిసిపోయింది. పదకొండేళ్ళుగా తను చేస్తున్న పనే గదా.

ఆగిపోయింది. దుబాసీ మూడో వాక్యం కోసం చూస్తోంది.

“అవి మా వదిన రాయించినవండీ” అంది అద్దాలమ్మాయి.

దుబాసీ ఒక్క క్షణం తటపటాయించి చేరవేసింది. ఆఫీసరు కనుబొమలు లేచాయి. ప్రేమలేఖలు వదిన రాసిందా? రాయలేదండీ, చెప్పింది. ఎవరికి చెప్పింది? వాళ్ళ తమ్ముడికి. ఆయన రాసి ఎవరికి పంపాడు? నాకు. అప్పుడు మీ వదిన ఎక్కడుంది? మా ఇంట్లోనే, ముందుగదిలో. మీరో? వంటింట్లో. ఇదంతా అటూ ఇటూ మోస్తున్న దుబాసీ గొంతు నాలుగో జవాబు దగ్గర నవ్వుతో కొంచెం వణికింది. ఊలు చూస్తే మీరు నమ్మరని మా వదిన భయపడిందండీ, నేనూ భయపడ్డాను, అందుకని ఊరుకున్నాను, తప్పే, అని ముగించింది ఆమె. కావాలంటే ఆ ఆరువారాలూ తీసెయ్యండి, మిగిలినవన్నీ ఆయనవే అని కూడా అంది.

ఆఫీసరు నవ్వలేదు, కోప్పడలేదు. నింపాదిగా ముప్ఫై ఒకటో పేజీ తీసి, ఒకచోట వేలుపెట్టి దుబాసీ వైపు జరిపాడు. ఆ పిల్ల చదివింది.

“మీరు ఇలా అడిగారండీ, అక్కడ ఎవరినైనా చూసుకున్నారా అని. మీ భర్త జవాబు, అవును.”

అవునా? ఆయన ఎప్పుడు అవునన్నాడు? ఇంట్లో చూసుకున్న కాగితాల్లో అలాంటి మాటే లేదే. మరుక్షణం పెద్దాయన మీట గుర్తొచ్చింది. ఆ కాగితం ఒకసారి చూపించమని అడిగింది. ఆఫీసరు గాజుకి ఆనించి పట్టుకున్నాడు. తేదీ ఉంది, టైములున్నాయి. నుదురు గాజుకి తాకేంత దగ్గరికెళ్ళి చదివింది. కన్ను చికిలించింది. తడబడింది.

“నేను అప్పుడు నిమిషంలో మూడు పంపానండీ. మొదటిది తిన్నారా అని. రెండోది దుప్పటి ఉతికారా అని. పలక్కపోయేసరికి మూడోది, ఎవరినైనా చూసుకున్నారా ఏంటి అని. ఊరికే, ఉడికించడానికి. ఆయన ఊ అన్నది దుప్పటికి.”

దుప్పటికని ఎలా తెలుసని ప్రశ్న వచ్చింది. అక్కడ అది పదకొండున్నర, ఆ టైములో ఆయన లిఫ్టు మీద ఉంటాడు, జేబులో ఫోను పైకి తీసేసరికి తెరమీద ఉన్నదానికి జవాబిస్తాడు, అప్పటికి మూడోది ఆయనకి ఇంకా చేరలేదు, అని చెప్పింది. చెబుతూ ఆ పేజీలో కిందికి చూసింది. నలభై నిమిషాల తరవాత, ఆయన భోజనానికి దిగే వేళకి ఇంకో జవాబుంది. వాళ్ళ భాషలో అవును అన్నమాట, దాని వెనక తెలుగు లిపిలో ఒంటరిగా ఒక అక్షరం. ‘హూ’.

ఆమెకి నవ్వొచ్చింది. అంత భయంలోనూ వచ్చింది.

“అది చూడండి. దానికి తోకుంది. ఆయన రాసింది ఊహూ. అనువాదకుడు గారు ఒక్క మీటతో ఊలన్నీ అవును చేసేశారు. ఊ మారిపోయి హూ మిగిలిపోయింది. తోక ఉంటే కాదని అర్థమండీ. ఉత్త ఊ దుప్పటికి, తోక ఉన్న ఊ నా ప్రశ్నకి.”

దుబాసీ ఇది చేరవెయ్యడానికి చాలాసేపు పట్టింది. ఆ భాషలో ఊ లేదు, తోక ఉంటే అర్థం తిరగబడే మాట అసలే లేదు. చివరికి ఆ పిల్ల నోటితో రెండూ పలికి చూపించింది, ఒకసారి తలూపి, ఒకసారి తల అడ్డంగా తిప్పి. ఆఫీసరు నోరు కదిపి తనలో తను అనుకుని చూశాడు. ఊ. ఊహూ. పక్క కిటికీ ఆఫీసరు తల తిప్పి ఇటు చూశాడు.

అప్పుడాయన ఒక పని చేశాడు. అరచెయ్యి వెడల్పుగా చాపి కుడివైపు వరస పూర్తిగా మూసేశాడు. ఒక కన్ను మూయించినట్టే అనుకుంది అద్దాలమ్మాయి. ఒక్కో పేజీ తిప్పుతూ ఆమె రాసినది చదివించి, మీ ఆయన ఊకి అర్థమేంటి అని అడగసాగాడు.

“ఎన్నింటికి పంపారో కూడా చెప్పండి” అందామె.

పొద్దున ఏడుంబావుకైతే, అది బస్సులో నిలబడి ఉన్నాను అని. మధ్యాహ్నం రెండు ఊలు వెంటవెంటనే వస్తే ఆకలి. మూడు నిమిషాలు ఆగి వచ్చిన ఊకి ఇష్టం లేదు కానీ కానియ్యి అని అర్థం. వీసా రాగానే దుకాణంలో ఉద్యోగం మానేస్తానని చెప్పిన రోజుదది. అలా ఆరేడు చెప్పింది. నలభై నాలుగో పేజీ దగ్గర మాత్రం ఆగిపోయింది. ‘మనకి ఆ ఊళ్ళో ఎవరైనా స్నేహితులవుతారంటారా’ అని తను అడిగింది. టైము సాయంత్రం ఐదు.

“ఇది నాకు అందలేదండీ. అప్పుడూ అందలేదు. మళ్ళీ అడిగితే మళ్ళీ ఊ అన్నారు.”

ఆఫీసరు మొదటిసారి ఏదో రాసుకున్నాడు. రాసుకుని, ఈ మాట ఆయన నోట మొదట ఎప్పుడు విన్నారని అడిగాడు. ఫారంలో ‘పరిచయం ఎలా’ అనేచోట పంతులమ్మ ‘పని మీద’ అని రాసింది. అసలు సంగతి సినిమాలా ఉంటుంది, నమ్మరు అని ఆవిడ భయం. ఇప్పుడిక దాచేదేముంది? అద్దాలమ్మాయి చెప్పింది. దుకాణం మూడో అంతస్తులో ఉంది. ఒకరోజు లిఫ్టు రెండుకీ మూడుకీ మధ్య ఆగిపోయింది, దీపం పోయింది, లోపల తనొక్కతే. పెట్టె నెత్తిన అడుగుల చప్పుడైంది. ఎవరండీ అంటే ఊ అని వినిపించింది. భయంతో తను మాట్లాడుతూనే ఉంది నలభై నిమిషాలు. చదువు, దుకాణం, అద్దాల నంబర్లు, నోటికొచ్చిందల్లా. పైనుంచి స్పానరు చప్పుడు మధ్యలో ఊ, ఊ అని వస్తూనే ఉంది. ఒకసారి రాలేదు. ఉన్నారా అండీ అని అరిచింది. ఊ అన్నాడు. తలుపులు తెరిచాక చూస్తే నల్లటి చేతులతో ఒక మనిషి. భయపడ్డారా అని అడగలేదు. “మిగతాది చెప్పండి” అన్నాడు.

“ఆ రోజు అయిదు మాటలైనా మాట్లాడారా అంటే లేదండీ. కానీ పైన మనిషి ఉన్నాడని తెలిసింది. ఇప్పుడూ అంతే” అంది.

దుబాసీ చేరవేసింది. ఈసారి తడబడలేదు. ఆఫీసరు కట్టలోంచి ఆరువారాల చంద్రుణ్ణి వేరుచేసి, గాజు కింద సందులోంచి ఆమెకి తిరిగిచ్చేశాడు. పాస్‌పోర్టు మాత్రం ఇవ్వలేదు. అది తన పక్కనున్న ట్రేలో పడేసి, ఒక చిన్న చీటీ జరిపాడు. దానిమీద వాళ్ళ భాషలో రెండు వాక్యాలున్నాయి. కూడబలుక్కుంటే అర్థమైంది. పాస్‌పోర్టు వీసాతో పదిరోజుల్లో ఇంటికొస్తుంది.

రోడ్డు దాటి బస్టాపు దగ్గరికొచ్చేసరికి పంతులమ్మ లేచి నిలబడింది. మరదలి చేతిలో చీటీ కన్నా ముందు తను చెప్పించిన లేఖల కట్ట కనిపించిందావిడకి.

“చంద్రుడి మీద అడిగారా?”

“అడిగారు వదినా. మీరు రాయించారని చెప్పేశాను.”

పంతులమ్మ మెల్లిగా మళ్ళీ కూచుంది. నూట పన్నెండు ప్రశ్నల పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది. అప్పుడు అద్దాలమ్మాయి చీటీ చూపించి, ఇచ్చేశారు వదినా అంది. ఆవిడ చీటీ అటూ ఇటూ తిప్పి చూసి, “లేఖలు ఎలా ఉన్నాయన్నాడు?” అని అడిగింది.

“ఏమీ అనలేదు. ముట్టుకున్నట్టు కూడా లేదు. తిరిగిచ్చేశాడు.”

“రసికుడు కాడు” అంది పంతులమ్మ.

అద్దాలమ్మాయి ఆయనకి రాసింది. ‘వీసా వచ్చింది’ అని. అక్కడ పదకొండు కావస్తోంది, లిఫ్టు మీదుంటాడు. అర నిమిషానికి ఫోన్ మోగింది. పంతులమ్మ మెడ చాచి చూసింది.

‘ఊ.’

“చూశావా, దీనికి కూడా” అని పంతులమ్మ తమ్ముడి మీద విరుచుకుపడబోతుండగా మళ్ళీ మోగింది. తరవాత మళ్ళీ. ఒకదాని తరవాత ఒకటి ఐదు వచ్చాయి. గ్రీజు చేతుల్నెక్కడో తుడుచుకుని, పని ఆపి, నిలబడి రాసినట్టున్నాడు.

‘వంటింట్లో కుళాయిలు తిరగేసి బిగించారు.’

‘చల్లవి అని రాసుంటే వేడి. వేడి అని రాసుంటే చల్లవి. వచ్చాక చెయ్యి కాల్చుకోకు.’

‘మంచం కిటికీ పక్కన నీకు వదిలా.’

‘అలమరలో కింది అర ఖాలీ చేశా. పై అర నీకు అందదు.’

‘స్నేహితులు దొరుకుతారు. ఇక్కడ కింద వాటాలో ఒకామె ఉంది, కళ్ళజోడు ఎప్పుడూ ముక్కు మీంచి జారిపోతుంటుంది. నువ్వొస్తున్నావని చెప్పా.’

అద్దాలమ్మాయి ఆఖరిది రెండుసార్లు చదువుకుంది. నలభై నాలుగో పేజీ ఊకి జవాబు ఇన్నాళ్ళకి వచ్చింది. పంతులమ్మ ఫోను చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని, ఐదూ చదివింది. చాలాసేపు చదివింది. సంచిలోకి చెయ్యి పోనిచ్చి ఎర్రకలం బయటికి తీసి, దాన్ని ఫోను మీద ఎలా వాడాలో తెలియక మళ్ళీ లోపల పెట్టేసింది.

“ఖాళీకి ళ పెట్టలేదు వెధవ” అంది. “ఏం రాస్తావు దీనికి? మంచి జవాబు రాయి. నేను చెప్పనా?”

“వద్దు వదినా” అంది అద్దాలమ్మాయి.

బస్సు వచ్చింది. ఒక చేత్తో పద్నాలుగు ప్లాస్టిక్ కవర్లూ పొదివి పట్టుకుని, వదినని ముందు ఎక్కించి, తను మెట్టుమీద ఒక కాలు పెట్టి, ఖాళీగా ఉన్న బొటనవేలి కొసతో ‘ఊ’ అని రాసి పంపింది.